కండ్లు మూసుకుని కొట్లాడిన కోడలు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది నెత్తి నెరిసిన తర్వాత. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాసేసరికి పొద్దు గూకుతుంది. తప్పులుంటే మన్నించండి. ఇది నా కథ కాదు, గోపమ్మ కథ. నందికొండలో ఆమె గుడిసె, మా గుడిసె ఒకే తడికకు అటూ ఇటూ ఉండేవి. ఆమె నోట విన్నది కొంత, నేను చూసింది కొంత.

కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేస్తున్న రోజులవి. కొండరాయిని పేల్చే మోతకు కూలీల చెవులు పోతున్నాయని, ఎవరో ధర్మాత్ములు కూడి లేబర్ క్యాంపు చివర రేకుల కప్పు కింద చెవుల దవాఖాన ఒకటి తెరిచారు. గోపమ్మ అంతకుముందు ఆనకట్ట మీద తట్టలు మోసేది. పెనిమిటి పాము కరిచి పోయాక, మెడనొప్పితో తట్ట మోయలేక, ఆ దవాఖానలో ఆయాగా చేరింది. ఊడ్చేది, గుడ్డలు ఉతికేది, ముసలివాళ్లను చేయి పట్టి నడిపించేది.

ఆ దవాఖానలో ఒక గదికి ఎప్పుడూ పరదా వేసి ఉండేది. లోపల ఒక మిషను. దానికి సన్నని సూది, సూది కింద నడిచే కాగితం. చెవులు సరిగ్గా వినపడుతున్నా కళ్లు తిరిగి పడిపోయేవాళ్లను ఆ గదిలో పడుకోబెట్టేవారు. దాన్ని నడిపే అబ్బాయికి పట్నంలో వేరే కొలువు దొరికింది. ఒకరోజు సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. డాక్టరు మంజులతమ్మ నల్గొండ మనిషి, ఒక్కతే. వచ్చినవాళ్ల చెవులు చూడటానికే ఆమెకు రెండు చేతులు చాలవు.

"ఐలేశం, నువ్వు నేర్చుకుంటవా?" అని కంపౌండరును అడిగింది.

"నా పని మందులు కలుపుడమ్మా. కరెంటు జోలికి నేను పోను" అన్నాడు ఐలేశం.

చీపురు పట్టుకుని తలుపు దగ్గర ఉన్న గోపమ్మ, "నేను నేర్చుకుంటనమ్మా" అంది.

ఐలేశం నవ్వాడు. "అక్కా, నీకు 'అ' రాదు. గీతలెట్ల చదువుతవ్?"

"నీకు 'అ' వస్తది గద తమ్మీ. మరి గీతలు వచ్చినయా?"

డాక్టరమ్మ నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి లోపలికి రమ్మంది.

"చెవికి రెండు పనులు గోపమ్మా" అని మొదలుపెట్టింది. "ఒకటి వినుడు. రెండోది మనిషిని నిలబెట్టుడు. లోపల నీళ్లతోని నిండిన చిన్న గొట్టాలుంటయి. తల ఎటు తిరిగిందో అవి మెదడుకు చెప్తయి. రెండు చెవులూ ఒక్క మాట చెప్తే మనిషి నిలబడ్తడు. ఒకటి మూగబోతే భూమి తిరుగుతది."

చెవిలో ఒంటి వేడికన్నా కాస్త చల్లని నీళ్లు గానీ, కాస్త వేడి నీళ్లు గానీ పోస్తే, లోపలి గొట్టం తల తిరిగిందనుకుని మోసపోతుంది. ఆ మోసానికి మూసిన రెప్పల కింద కనుగుడ్లు ఊగుతాయి. కంటిలో సన్నని కరెంటు ఉంటుంది, అది కన్నుతో పాటే కదులుతుంది. కంటికొసల దగ్గర అతికించిన వెండి బిళ్లలు ఆ కరెంటును పట్టి సూదికి అందిస్తాయి. సూది గీస్తుంది. ఇదీ సంగతి. గోపమ్మకు దీన్ని ఒంటబట్టించుకోవడానికి వానాకాలమంతా పట్టింది.

మొదట బిళ్లలే నిలవలేదు. మన ఆడవాళ్లు తలకు పట్టించే ఆముదం నొసటి మీదకు, కణతల మీదకు కారి ఉంటుంది. అతికించిన బిళ్ల జారేది, సూది పిచ్చిపట్టినట్టు కొట్టుకునేది. ముందు స్పిరిటు దూదితో రుద్దాలని తెలుసుకుంది. ఒకసారి కుడివైపు తీగను ఎడమకు, ఎడమ తీగను కుడికి తగిలించింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈయన చెవులు తారుమారైనయా, నీ చేతులా?" అంది. అప్పటి నుంచి నీళ్లు పోయకముందే గోడ మీది రెండు దీపాలను రోగికి చూపించడం మరిచిపోలేదు. కుడి దీపం చూస్తే సూది పైకి, ఎడమ దీపం చూస్తే కిందికి. అది సరిగ్గా ఉంటేనే మిగతాది నమ్మాలి. నీళ్ల వేడి కొలిచే గాజుగొట్టం మీద అంకెలు ఆమెకు రావు. చల్లటి గుర్తు దగ్గర నల్లదారం, వేడి గుర్తు దగ్గర ఎర్రదారం కట్టుకుంది.

గీతలు మాత్రం చూడగానే పట్టుకుంది. మంచి చెవి గీత రంపం పళ్లలా ఉంటుంది. ఒకవైపు నిదానంగా ఎక్కి, రెండోవైపు చటుక్కున దిగుతుంది.

"ఇది తట్ట మోసుడే గదమ్మా" అంది గోపమ్మ. "మట్టితోని ఎక్కుడు నిదానం, ఖాళీ తట్టతోని దిగుడు ఉరుకుడు."

"ఆ ఉరుకుడు ఎటు దిక్కో చూడాలె. ఎన్ని తట్టలు ఎక్కినయో చూడాలె" అంది డాక్టరమ్మ.

ఇంకొక నియమం కూడా చెప్పింది. నీళ్లు పోశాక రోగిని లెక్కలు అడుగుతూ ఉండాలి. వందలోంచి ఏడు తీసేయమనాలి, మళ్లీ ఏడు తీసేయమనాలి. మేస్త్రీలు, లారీ డ్రైవర్లు ఆ లెక్కలు చెప్పేవారు. గోపమ్మ అది ఊరికే కాలక్షేపమనుకుంది.

యాదలక్ష్మి వచ్చింది ఆ చలికాలంలో. ఇరవై ఏండ్ల పిల్ల, తట్ట కూలి. జ్వరం వచ్చి తగ్గాక ఒక పొద్దున లేచి నిలబడితే గుడిసె గిర్రున తిరిగింది. వాంతులు తగ్గాయి కానీ నడక కుదరలేదు. తల తిప్పితే కుడివైపుకు ఒరిగిపోతుంది. నీళ్ల బిందెతో రెండుసార్లు పడింది. పక్క వాడలో మంత్రాలాయన ఒకడు చూసి, గాలి సోకింది, మంగళవారం నొసటన వాత పెడితే దిగుతుంది అన్నాడు. మొగుడు మారయ్య భయస్తుడు. ఒకసారి దవాఖానకు చూపిస్తానని తల్లిని బతిమాలాడు. తల్లి భద్రమ్మ ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది.

"రోగమున్నదని తేలిస్తే మీ మందు మింగిపిస్త" అంది డాక్టరమ్మతో. "ఏం లేదంటిరా, మంగళారం నాడు వాత. ఇగ మల్ల మీ గడప తొక్కేది లేదు."

యాదలక్ష్మి గోడ పట్టుకుని నిలబడి తన నొసలు తడుముకుంది.

డాక్టరమ్మ చెవులలోకి దీపం వేసి చూసి, కర్ణభేరి బాగానే ఉంది, నీళ్లు పోయవచ్చు అని చెప్పి, బయట ఉన్నవాళ్లను చూడటానికి వెళ్లింది. గోపమ్మ స్పిరిటు దూది తీసుకుని యాదలక్ష్మి ముఖం మీదకు వంగింది. కంటికొసల బిళ్లలకు తోడు మూడో బిళ్ల నొసటి నడుమ అతికించాలి. అక్కడ రూపాయంత కుంకుమ బొట్టు ఉంది.

"ఆగు" అంది భద్రమ్మ పరదా తప్పించుకుని లోపలికి వచ్చి. "ముండమోపివి, నా కొడుకు బతికుండంగ నా కోడలు బొట్టు తుడుస్తవా?"

గోపమ్మ చేయి ఆగిపోయింది. ఇట్లాంటి మాట ఆమెకు కొత్త కాదు. కానీ బల్ల మీద ఉన్న పిల్ల వణుకుతోంది. సరే, తగవెందుకని, ఆ బిళ్లను పైకి జరిపి, వెంట్రుకల మొదట్లో ఆముదం పోయేట్టు దూదితో రుద్ది అతికించింది. దీపాలు చూపిస్తే సూది సరిగ్గానే నడిచింది.

"నీకు లెక్కలు వస్తయా బిడ్డా?"

"రావక్కా."

పిల్ల బిక్కచచ్చిపోయి ఉంది. పరదా అవతల అత్త గొణుగుడు ఆగలేదు. గోపమ్మకు జాలేసింది. తలమీద చేయి వేసి, "భయపడకు. కండ్లు మూసుకో. మల్లన్నను తల్సుకో. మనసుల ఇంకేం పెట్టుకోకు, నిమ్మలంగ పండు" అంది.

యాదలక్ష్మి మల్లన్నను తలుచుకుంది. ఎంత గట్టిగా తలుచుకుందంటే, ఒక చెవి తర్వాత ఒక చెవిలో చల్లనీళ్లు, వేడినీళ్లు పోసినా సూది కునుకు తీస్తున్న పశువులా కొద్దిగా కదిలి ఊరుకుంది. రెండు చెవులకూ ఒకే తీరు. చదునైన గీత.

డాక్టరమ్మ వచ్చి కాగితం చాపి చూసింది. "రెండు దిక్కులా ఒకటే తీరుగ ఉన్నది. దీంట్ల ఏం తేలలేదు" అంది.

"ఇన్నవా మారిగా? ఏం లేదట" అంది భద్రమ్మ. కోడలి రెక్క పట్టుకుని లేపింది. డాక్టరమ్మ, తేలకపోవడం వేరు, లేకపోవడం వేరు అని చెప్పేలోపల వాళ్లు గేటు దాటారు.

డాక్టరమ్మ కాగితం మీంచి తల ఎత్తలేదు. "లెక్కలు అడిగినవా?"

"పిల్లకు రావమ్మా. దేవుణ్ణి తల్సుకొని నిమ్మలంగ పండుమన్న."

"అయ్యో గోపమ్మా. మనసు పండుకుంటే కన్నూ పండుకుంటది. లోపల చెవి ఎంత మొత్తుకున్నా సూదికి వినపడదు. లెక్కలు అడగమన్నది అందుకే. తప్పు నీదొక్కదానిదే కాదు, ఎందుకో నేను చెప్పలే." కాగితం చుట్టి పక్కన పడేసింది. "ఇది పరీక్షే కాదు. మల్ల చెయ్యాలె."

"వాళ్లు రారు."

"మరి?"

"నేను తోల్కొస్త" అంది గోపమ్మ.

మర్నాడు, సోమవారం పొద్దున్నే, ఆమె భద్రమ్మ గుడిసె ముందు నిలబడింది. భద్రమ్మ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఎందుకొచ్చినవ్?"

"నిన్న పరీక్ష తప్పు జేసిన. నేనే తప్పు జేసిన. మల్ల జెయ్యాలె. యాదలక్ష్మిని పంపు."

"ఒకసారి తప్పు జేసినదానివి రెండోసారి ఒప్పు జేస్తవా?"

"ఎట్ల తప్పైందో తెలిసింది గాబట్టి చేస్త."

భద్రమ్మ చేట కింద పెట్టింది. పైట జరిపి మెడకింద ఉన్న మచ్చ చూపించింది. పాత మచ్చ, చింతాకంత, మెరుస్తూ ఉంది. "నాకు చిన్నప్పుడు ఫిట్సు వస్తే మా అవ్వ వాత పెట్టిపిచ్చింది. సచ్చిన్నా? నీ ముందల కూసున్న. నా కోడలు సచ్చిపోవాల్నని నేను చూస్తున్ననా? పొయ్యికాడ పడితే కాలి సస్తది. బావికాడ పడితే మునిగి సస్తది. ఏదో ఒకటి జెయ్యాలె గద."

అది ఉత్త కోపం కాదని గోపమ్మకు అర్థమైంది. కానీ వెనక్కి తగ్గలేదు. "వాతతోని నీ ఫిట్సు పొయినయో, వాటంతటవే పొయినయో నీకు తెల్వదు, నాకు తెల్వదు. ఈ పిల్లకు ఏ చెవి పోయిందో మాత్రం నేను చూపిస్త."

"పోవే. సర్కారు డాక్టరువా నువ్వు? పెనిమిటిని మింగి, ఆడోళ్ల బొట్లు చెరపనీకె తయారైనవ్."

మారయ్య గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. "అమ్మ మాట కాదంటే ఎట్ల అక్కా" అని మాత్రం అన్నాడు.

అప్పుడు లోపలినుంచి, తడిక పట్టుకుని, యాదలక్ష్మి వచ్చింది. "నేను వస్త" అంది.

"పడ్తవ్" అన్నాడు మారయ్య.

"పడితే లేస్త. నొసటి మీద మచ్చ పడితే అది లేస్తదా?"

క్యాంపు గల్లీలో ఆ పూట ఎవరూ పనికి తొందరపడలేదు. గోపమ్మ చేయి పట్టుకుని యాదలక్ష్మి నడిచింది, కుడికి ఒరుగుతూ, ఆగి, మళ్లీ నడుస్తూ. వెనక భద్రమ్మ తిడుతూ వచ్చింది. ఆ వెనక మారయ్య.

గదిలో గోపమ్మ స్పిరిటు దూది తీసింది. భద్రమ్మ పరదా దగ్గర నిలబడి చూస్తోంది. యాదలక్ష్మి చెయ్యి చాపి ఆ దూదిని అందుకుంది. తన నొసలు తానే రుద్దుకుంది. బొట్టంతా ఎర్రగా దూదికి అంటింది.

"నా నొసలు. నా బొట్టు. రేపు మల్ల పెట్టుకుంట" అంది. ఎవరితో అన్నదో తెలియదు, ఎవరి వైపూ చూడలేదు.

గోపమ్మ బిళ్లలు అతికించింది. దీపాలు చూపించింది. సూది పైకి, కిందికి. నల్లదారం గుర్తు చూసి ఎడమ చెవిలో నీళ్లు పోసింది. డాక్టరమ్మ ఈసారి పక్కనే కుర్చీలో కూర్చుంది.

"కండ్లు మూసుకో. మూసుకొని, మీ ఊరి చుట్టూర ఉన్న ఊర్ల పేర్లు చెప్పు."

యాదలక్ష్మి రెండు పేర్లు చెప్పింది. మూడోది నాలుక మీదే నిలిచింది. సూది కొంచెం లేచి చతికిలబడింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. చెవిలో పోసిన నీళ్ల ప్రభావం తగ్గిపోతోంది. లెక్కలు రావు, ఊర్లు గుర్తుకు రావు. ఈ పిల్ల మనసులో ఎప్పుడూ మేలుకుని ఉండేది ఏమిటి?

"సరే" అంది గోపమ్మ. "మీ అత్త నిన్ను ఏమేం అన్నదో వరుసపెట్టి చెప్పు."

"అత్త వింటది గదక్కా" అంది యాదలక్ష్మి.

"జెప్పు. పెండ్లైన కాడినుంచి. నీ వంటను ఏమన్నది?"

"చింతపులుసు చెరువు లెక్క ఉన్నదన్నది" అంది యాదలక్ష్మి నెమ్మదిగా.

"మల్ల?"

"జరం వచ్చి జొన్న గటక తాగకుంటె నఖరాలన్నది. నన్ను కన్న అవ్వ పాణం మీద ఉన్నదని కబురొస్తె, నాట్లు అయినంక పొమ్మన్నది. నాట్లు అయ్యేసరికి అవ్వ లేదు." గొంతు లేచింది. "నేను పడితే తాగినవా అన్నది. అందరి ముంగట అన్నది. నేను కల్లు వాసన కూడ చూడలే."

"నాట్లప్పుడు మనుషులు దొరకలేదే" అని పరదా అవతలి నుంచి వచ్చింది భద్రమ్మ గొంతు. "నిన్ను పొమ్మనకపోతినా?"

"తొమ్మిది దినాలు అయినంక పొమ్మన్నవ్."

"అబద్ధం. ఎనిమిది."

"తల కదపకు" అంది డాక్టరమ్మ బల్ల మీది పిల్లతో. తర్వాత పరదా వైపు తిరిగి, "నువ్వు ఆపకు పెద్దమ్మా. మాట్లాడు" అంది.

భద్రమ్మకు ఒకరు చెప్పాలా. కొట్లాట పొయ్యి దగ్గర మొదలై బావి దాటి, మారయ్య చిన్నమ్మ కూతురి పెండ్లిదాకా పోయింది. ఐలేశం మందుల గది వదిలి వచ్చి తలుపులో నిలబడ్డాడు. కండ్లు మూసుకుని, తల కదపకుండా, యాదలక్ష్మి ఒక్కో మాటకూ జవాబిస్తోంది. కాగితం మీద సూది ఎగిసి ఎగిసి పడుతోంది. నిదానంగా ఎక్కుడు, ఉరుకుడు. ఎక్కుడు, ఉరుకుడు. ఆ ఎడమ చెవి గీతంత అందమైన గీత గోపమ్మ అంతకుముందు తీయలేదు.

కాస్త విశ్రాంతి ఇచ్చి కుడి చెవిలో పోసింది. కొట్లాట తగ్గలేదు, ఇంకా ముదిరింది. సూది మాత్రం నేల మీద పాకింది. అత్త ఎంత అరిచినా, కోడలు ఎంత రోషంగా జవాబిచ్చినా, కుడి చెవి ఉలకలేదు.

"చదువు" అంది డాక్టరమ్మ.

"కుడి చెవి పోయిందమ్మా."

"తొందరపడకు. చల్లనీళ్లతోనే చెప్తవా? వేడినీళ్లు కూడ పొయ్యి. నీళ్లు లోపలికి సరిగ్గ పోయినయో లేదో చూసుకో. ఒక్కసారికి నమ్మితే నిన్నటి మాటే అయితది."

గోపమ్మ ఎర్రదారం గుర్తుకు నీళ్లు కాచింది. రెండు చెవులకూ పోసింది. ఇంకా ఏం మిగిలిందని అడిగితే, మారయ్య చెల్లెలికి పెట్టిన చీర సంగతి మిగిలిందంది యాదలక్ష్మి. అదీ అయింది. ఎడమన రంపం పళ్లు, ఈసారి ఇంకో దిక్కుకు. కుడిన మళ్లీ చదును. దీపాల గీతను కూడా మరోసారి చూసుకుని గోపమ్మ లేచింది.

"ఎడమ చెవి మంచిగున్నది. కుడిచెవిల నిలబెట్టే పని బందైంది. వినుడు ఉన్నది, నిలబెట్టుడు లేదు. మనసు మేలుకొని ఉన్నప్పుడే తీసిన. ఇది తప్పు గాదు."

"నేను కూడ అదే రాస్త" అంది డాక్టరమ్మ. భద్రమ్మను లోపలికి పిలిచి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించింది. జ్వరం ఆ చెవి నరాన్ని దెబ్బతీసిందని, అది మళ్లీ లేచినా లేవకపోయినా, రోజూ తల తిప్పుతూ నడక సాధన చేస్తే మంచి చెవి రెండు చెవుల పనీ చూసుకుంటుందని చెప్పింది.

భద్రమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దయ్యం చెవిల జొర్రదని ఎవరు చెప్పిన్రు?" అంది.

యాదలక్ష్మి బల్ల మీద లేచి కూర్చుంది. ముఖానికి ఇంకా జిగురు అంటుకుని ఉంది. "జొచ్చిందే అనుకో అత్తా. చెవిల ఉన్న దయ్యానికి నొసటన వాతెందుకు?"

"అయితే చెవెనక పెట్టిస్త."

"పెట్టనియ్య. చెవెనకా పెట్టనియ్య, నొసటా పెట్టనియ్య. పట్టుకోనీకె వస్తే, ఎవరొస్తరో రమ్మను."

మారయ్య మొదటిసారి తల్లి వైపు చూశాడు. "నేను పట్టుకోనమ్మా" అన్నాడు.

మంగళవారం మంత్రాలాయన రానే వచ్చాడు. గుడిసె ముందు పిడకలు రాజేసి ఇనుప చువ్వ అందులో పెట్టాడు. అప్పటికే యాదలక్ష్మి గల్లీలోకి దిగింది. డాక్టరమ్మ చెప్పినట్టు తల కుడికి తిప్పి ఒక అడుగు, ఎడమకు తిప్పి ఒక అడుగు. కొద్ది దూరం పోయి పడింది. మారయ్య ఉరికాడు. "ముట్టకు" అంది. మోకాళ్లు దులుపుకుని లేచింది. గోపమ్మ ఎదురుగా నిలబడి ఉంది, చేయి చాపలేదు. ఆ పూట చేయి చాపితే యాదలక్ష్మి ఆమెనూ తిట్టేది.

"ఏం జేద్దమమ్మా? చువ్వ కాలింది" అన్నాడు మంత్రాలాయన.

భద్రమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని కోడలినే చూస్తోంది. గల్లీ చివర మలుపు ఉంది. అక్కడ ఒళ్లంతా తిప్పాలి. ఈ జబ్బులో అన్నింటికంటే కష్టం అదే.

"జర ఆగు" అంది. "అది మలుపు తిరుగుతదో లేదో సూడనియ్యి."

యాదలక్ష్మి ఊగింది. గోడ దగ్గరే ఉన్నా పట్టుకోలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, ఆగి, తిరిగింది. ఇటు ముఖం పెట్టి నడవడం మొదలుపెట్టింది. మంత్రాలాయన చువ్వను చూశాడు, భద్రమ్మను చూశాడు.

"నీ ఇనుము నువ్వు తీస్కపో" అంది భద్రమ్మ. "గల్లీల అడ్డం పెట్టినవ్. అది వస్తున్నది, కాలు తగుల్తది."

మైసమ్మ
యాభై ఆరేండ్లు
ఇప్పుడు ఉండేది కేతేపల్లిలో